ప్రాసెసరును తొందరపెట్టవచ్చునా?



కంప్యూటరు లోపల ఒక చిన్న స్ఫటికం నిరంతరం కంపిస్తూ ఉంటుంది. నాట్లు వేసేవారి చేతులు పాట లయకు కదిలినట్టు, ప్రాసెసరు ఆ కంపనాల లయకే లెక్కలు చేస్తుంది. తయారీదారు నిర్ణయించిన లయను మించి దాన్ని పరుగెత్తించడమే ఓవర్‌క్లాకింగ్. పైసా ఖర్చు లేకుండా వేగం పెరుగుతుందని ఇంట్లో పిల్లలు అడిగితే సరేనందామా, వద్దందామా? దీని చరిత్ర కొంత తెలిస్తే జవాబు తేలిక అవుతుంది.

1984లో ఐబీఎం సంస్థ పీసీ ఏటీ అనే యంత్రాన్ని విడుదల చేసింది. దాని వేగం 6 మెగాహెర్ట్జ్. లోపలి స్ఫటికం 12 మెగాహెర్ట్జ్‌ది. అందులో సగం వేగంతో ప్రాసెసరు నడిచేది. కొందరు దాన్ని తీసి 16 మెగాహెర్ట్జ్ స్ఫటికం పెట్టారు. యంత్రం 8 మెగాహెర్ట్జ్‌తో చక్కగా పనిచేసింది. దీన్ని గమనించిన సంస్థ, వేగం మార్చిన యంత్రం మొదలు కాకుండా ప్రారంభ ప్రోగ్రాములోనే తనిఖీ పెట్టింది. తర్వాత 1986లో 8 మెగాహెర్ట్జ్ యంత్రాన్ని తానే అమ్మింది.

ఈ అదనపు శక్తి ఎక్కడిది? ఒకే చేలో పండిన కాయలన్నీ ఒకే బరువు తూగవు. చిప్పులూ అంతే. వాటిని పరీక్షించి, వేడి గదిలోనూ తడబడని వేగాన్ని పైన ముద్రిస్తారు. చవక రకానికి గిరాకీ పెరిగితే, మెరుగైన చిప్పులకూ తక్కువ వేగం ముద్రే వేసి అమ్మేవారు.

అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ 1998 ఆగస్టులో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ. ధర 149 డాలర్లు. మదర్‌బోర్డు లయ 66 మెగాహెర్ట్జ్, దానికి నాలుగున్నర రెట్లు ప్రాసెసరు వేగం, అంటే 300. ఆ రెట్లను మార్చకుండా ఇంటెల్ తాళం వేసింది. కానీ మదర్‌బోర్డు లయను 100కు పెంచితే ప్రాసెసరు 450కి చేరేది. అప్పుడే వచ్చిన 450 మెగాహెర్ట్జ్ పెంటియం టూ ధర 669 డాలర్లు. విద్యార్థులు సంబరపడ్డారంటే ఆశ్చర్యమేముంది? అయితే చిప్పుల మీది అంకెలు చెరిపి, ఎక్కువ వేగమని రాసి అమ్మిన మోసగాళ్లూ ఆ కాలంలోనే ఉన్నారు.

ఉచితంగా కనిపించే ఈ వేగానికి వెల ఉంది. చిప్పు వాడే విద్యుత్తు వేగంతోపాటు పెరుగుతుంది. వోల్టేజీ పెంచితే దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండూ పదేసి శాతం పెంచితే విద్యుత్తు సుమారు 33 శాతం ఎక్కువవుతుంది. అదంతా వేడిగా మారుతుంది. ఫ్యాను చల్లబరిచేది గదిలోని గాలితోనే కదా! బళ్ళారిలోనో, సిరొంచలోనో మే నెల మధ్యాహ్నపు గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు.

హద్దు మీరితే కంపెనీలకూ దెబ్బ తప్పలేదు. 2000లో ఇంటెల్ విడుదల చేసిన 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం త్రీ కొన్ని పనుల్లో తడబడింది. ఆ ఆగస్టులోనే దాన్ని వెనక్కు తీసుకున్నారు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని మోతాదు మించిన వోల్టేజీ వల్ల దెబ్బతిన్నాయి. సంస్థ సవరణలు పంపి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. కానీ అప్పటికే పాడైన చిప్పును సవరణ బాగుచేయలేదు.

ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే. ఒకప్పుడు చిప్పులో మిగిలిన శక్తి కొన్నవాడికి దక్కేది. నేటి ప్రాసెసర్లు వేడినీ పనినీ చూసుకుని తమ వేగాన్ని తామే పెంచుకుంటాయి. మిగులును కర్మాగారమే వాడేస్తోంది. మనకు మిగిలేది కొద్దిపాటే.

కనుక నిర్ణయానికి ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ యంత్రం తప్పు చేస్తే నష్టం ఎవరికి? హద్దు మీరిన కంప్యూటరు ఆగిపోతే మనకు తెలుస్తుంది. ఆగకుండా ఒక అంకెను తప్పుగా రాస్తే తెలియదు. పిల్లల మార్కులు, దుకాణం పద్దులు, పెళ్లి ఫోటోలు ఉన్న ఒకే ఒక్క కంప్యూటరైతే దాని జోలికి పోకండి. దుమ్ము దులపండి, పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ వేయించండి. రోజువారీ పనుల్లో ఆ తేడాయే ఎక్కువ కనిపిస్తుంది.

పాత యంత్రం విడిగా ఉండి, పిల్లలకు నేర్చుకోవాలనే ఆసక్తి ఉంటే కాదనకండి. వారంటీ షరతులు చదివి, వేగాన్ని కొద్దికొద్దిగా పెంచి, వేడిని కొలుస్తూ, ప్రతిసారీ గంటల తరబడి పరీక్షించమనండి. ఆ యంత్రం రేపు పాడైనా, పిల్లలు నేర్చుకున్నది పాడు కాదు.