కోట కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కోట మాట ఎత్తలేదు. అది రాజుల తలనొప్పి, మనకెందుకని వదిలేసి ఉంటారు. మొన్న సెలవుల్లో మనవడి పుణ్యమా అని ఆ ముచ్చటా తీరింది.

వాడి దగ్గర లెగో పెట్టె ఉంది. డెన్మార్కులో బిల్లుండ్ అనే ఊళ్ళో ఒక వడ్రంగి 1932లో మొదలుపెట్టిన బొమ్మల వ్యాపారమది. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే ఇటుకకి 1958లో పేటెంటు అడిగారు. 1978లో పెద్ద కోట తెచ్చారు, అదీ పసుప్పచ్చ రంగులో! బూడిదరంగు ఇటుకలిస్తే పిల్లలు యుద్ధపు ట్యాంకులు కడతారని జంకారని చెప్పుకుంటారు. 1984కి ఆ జంకు తీరినట్టుంది, బూడిదరంగు కోటలొచ్చాయి. వాటి సొగసంతా గోడల్లోనే. బురుజు ఒక ముక్క, గోడ ఒక ముక్క. ఈ పెట్టెలో గోడని ఆ పెట్టెలో బురుజుకి తగిలించుకోవచ్చు.

మావాడు రెండు ప్రాకారాల కోట తలపెట్టాడు. లోపలిది ఎత్తు, బయటిది పొట్టి. లోపలివాళ్ళు బయటివాళ్ళ తలల మీంచి బాణాలెయ్యాలట. బయట మూడువైపులా గోడ లేచేసరికి ఇటుకలైపోయాయి. ఏడుపొక్కటే తక్కువ.

"ఊరుకో నాన్నా, నిజం రాజుకే చాల్లేదు" అన్నాను.

ఓదార్పుకన్న మాట కాదది. 1294లో వేల్సువాళ్ళు తిరగబడితే ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు మరుసటేడు బ్యూమారిస్‌లో కోట మొదలెట్టించాడు. మేస్త్రీ పేరు జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్. గోడలో గోడ, కుడీ ఎడమా అద్దంలో చూసినట్టు, అచ్చం మావాడి కోటే. 1296 ఫిబ్రవరిలో జేమ్సూ, లెక్కల గుమాస్తా కలిసి ఖజానాకి ఉత్తరం రాశారు. రాతిపనివాళ్ళు 400 మంది, కూలీలు 2,000 మంది, రాళ్ళు కొట్టేవాళ్ళు 200 మంది, బళ్ళు 100, పడవలు 30. వారానికి 250 పౌండ్లు కావాలి. కూలి బాకీ పడింది, పనివాళ్ళకి తిండికి లేదు.

నెలాఖర్న పాలవాడికి సంజాయిషీ చెప్పుకున్న ఏ ఇల్లాలికైనా ఆ ఉత్తరం ఇట్టే అర్థమవుతుంది. రాజుగారి డబ్బు స్కాట్లండు యుద్ధానికి పోయింది. ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ 1330కి పని ఆగిపోయింది. బురుజులు ఇవాళ్టికీ మొండివే. దాని పొందిక చూసి అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోదగ్గదే. నాకు మాత్రం ఆ 2,000 మంది ఆ చలికాలం ఏం తిన్నారా అనే ఉంది.

మావాడు పెట్టె తిరగేసి చూశాడు. గుర్రం మీద వీరుడున్నాడు, ఈటెవాడున్నాడు. "రాళ్ళు మోసేవాడేడీ అమ్మమ్మా?" అన్నాడు. నేనేం చెప్పను!

చివరికి లోపలి బురుజుల్లోంచి మూడేసి వరసలు తీసి నాలుగోవైపు గోడ కట్టేశాం. బురుజులు పొట్టివైపోయాయి, బ్యూమారిస్‌లోలాగే. ఊడ్చేటప్పుడు ముట్టుకోవద్దని పనమ్మాయికి మరీమరీ చెప్పి పడుకున్నాడు.