తుపాకి దించిన చేతిలో కెమేరా

అడవి మృగమును చూచుట యనగా దానిని చంపి, కళేబరము ప్రక్కన నిలుచుండి చిత్రము తీయించుకొనుటయే యని తలచిన కాలమొకటి మన దేశమున నుండెను. సంస్థానాధీశుల మేడలలోను, దొరల బంగళాలలోను గోడలకు వ్రేలాడిన పులితలలు ఆ కాలపు గుర్తులు. ఆనాటి ఛాయాచిత్రములలో పులి కనబడినను, ప్రాణముతో కనబడుట అరుదు. ప్రాణముతోనున్న పులిని దాని త్రోవన అది నడచుచుండగా చిత్రించిన వారిలో అగ్రగణ్యుడు ఒక ప్రభుత్వోద్యోగి యగుట గమనింపదగిన విషయము.

ఫ్రెడరిక్ వాల్టర్ ఛాంపియన్ 1893లో ఇంగ్లండున జన్మించెను. 1913లో భారతదేశమునకు వచ్చి, తొలుత పోలీసు శాఖలో పనిచేసి, మొదటి ప్రపంచ యుద్ధానంతరము అటవీశాఖలో చేరెను. నాటి సంయుక్త రాష్ట్రములలోని శివాలికు కొండల అడవులలో పర్యటించుట అతని యుద్యోగధర్మము. అట్టి అధికారులలో వేట మర్యాదగా చెల్లుచున్న రోజులలో అతనికి తుపాకిపై మోజు లేకుండెను. జంతువులు నడచు కాలిబాటల కడ్డముగా సన్నని తీగ కట్టి, దానిని కెమేరాకును మెరుపు దీపమునకును తగిలించెడివాడు. చీకటిలో మృగము తీగను తాకినంతనే మెరుపు వెలుగుటయు, చిత్రము పడుటయు ఒక్కసారిగా జరిగెడిది. చెప్పుటకు సులభమేగాని, ఒక్కసారి మెరుపు వెలిగిన పిమ్మట ఆ రాత్రికి మరియొక అవకాశము లేదు. పులికై కట్టిన తీగను దుప్పి తాకినను శ్రమ వ్యర్థమే. ఏండ్ల తరబడి ఓర్పుతో సాధించిన ఆ చిత్రములను 1925లో 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' ప్రకటించెను. 1927లో 'విత్ ఎ కెమేరా ఇన్ టైగర్‌లాండ్' అను అతని గ్రంథము వెలువడెను.

ఆ చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచినప్పుడు ఛాంపియన్‌కు ఒక సత్యము గోచరించెను. ఏ రెండు పులుల చారలును ఒక్కతీరున నుండవు. మనుష్యునికి వ్రేలిముద్ర యెట్టిదో పులికి చారలట్టివి. ఆ చిత్రములు చూచియే కుమావూను వేటగాడు జిమ్ కార్బెట్ కెమేరా పట్టెను. 1936లో ఏర్పడిన హేలీ జాతీయవనము తరువాతి కాలమున కార్బెట్ పేర వెలసెను.

స్వాతంత్ర్యానంతరము ఈ విద్య ఇతరుల చేతులలో వర్ధిల్లెను. అస్సాము తేయాకు తోటలలో పనిచేసిన ఇ. పి. జీ 1953లో భూటాను సరిహద్దు అడవులలో బంగారు వన్నె కొండముచ్చులను చిత్రించి శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చెను. 1956లో ఆ జాతికి అతని పేరే శాస్త్రనామమున చేరెను. మద్రాసు వాస్తవ్యుడు ఎం. కృష్ణన్ నలుపు తెలుపులలోనే దక్షిణారణ్యముల ఏనుగులను చిత్రించుచు, 1950 మొదలు 1996లో మరణించువరకు 'స్టేట్స్‌మన్' పత్రికలో ప్రకృతిని గూర్చి వ్రాసెను.

తెలుగునేలపై ఈ విద్య చేసిన మేలునకు కలివికోడి కథ నిదర్శనము. 1848లో వైద్యుడు జెర్డన్ మూలముగా శాస్త్రలోకమున కెక్కిన ఈ పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడలేదు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల చెంత స్థానికుడొకడు రాత్రివేళ దీపపు వెలుగున దానిని పట్టెను. కాని చేజిక్కిన పక్షి బ్రతుకలేదు. పట్టుకొనక చూచు ఉపాయము కావలసివచ్చెను. 2000 తరువాత పరిశోధకులు పొదల నడుమ కెమేరాల నమర్చి, దారులలో మెత్తని మట్టి పరచి అడుగుజాడలు చూచి, దాని నెలవులను గుర్తించిరి. తెలుగుగంగ కాలువ పని ఆ నెలవులలోనికి చొచ్చినప్పుడు, ఇట్లు కూడిన సాక్ష్యమే కాలువ దారి మరల్చుటకు తోడ్పడెను.

కొండలు దిగి కోస్తాకు వచ్చినను ఇదే తీరు. గోదావరి సముద్రమున గలియుచోట కోరంగి మడ అడవులలో, రాత్రివేళ చేపలు పట్టి తిను నీటిపిల్లి మనుష్యుని అలికిడికి మాయమగును. బురదలో అడుగిడుటయే కష్టమైన ఆ చోట, చెట్టు మొదట కట్టిన కెమేరాయే దాని ఉనికిని తెలిపినది.

ఛాంపియన్ గమనించిన చారల భేదమే నేటి పులుల లెక్కకు పునాది. పాదముద్రలపై ఆధారపడిన పాత పద్ధతిని విడిచి, కెమేరాల సాయమున చేసిన 2006 నాటి గణనలో దేశమున 1,411 పులులు మాత్రమే యున్నట్లు తేలి, జనులు ఉలికిపడిరి. 2018 గణనకై 26,838 తావులలో కెమేరాలు నిలిపిరి. అంచనా 2,967కు పెరిగెను. 2022 గణనలో అది 3,682కు చేరెను.

అయినను కెమేరా యెల్లప్పుడును నిరపాయకరము కాదు. గూటి చెంత కొమ్మలు విరిచి పిల్లలను ఎండపాలు చేయువాడును, కదలిక కొరకు పక్షులపై రాయి రువ్వువాడును తుపాకి పట్టకయే వేటగాండ్రగుచున్నారు. మంచి చిత్రముకంటె మృగము క్షేమమే మిన్న యని యెంచినవానికే ఈ విద్య శోభించును. సెలవులలో కొండలకును సముద్రతీరములకును బయలుదేరు కుటుంబములు కెమేరాతోపాటు వెంట గొనిపోవలసినది ఈ నియమమే.