ఫెల్ రన్నింగులో అడ్డదారులు, దిశానిర్ణయం

ఫెల్ రన్నింగ్ అనేది ఉత్తర ఇంగ్లాండు, స్కాట్లాండు, వేల్స్ ప్రాంతాలలో ప్రాచుర్యం పొందిన కొండ పరుగు క్రీడ. ఉత్తర ఇంగ్లాండు ప్రజల వాడుకలో ఫెల్ అనగా కొండ. ఈ పదం ప్రాచీన నార్స్ భాష నుండి వచ్చింది. ఈ క్రీడకు చెందిన అనేక పోటీలలో దారి పొడవునా గుర్తులు ఉండవు. నిర్ణీత తనిఖీ కేంద్రాలను వరుసగా చేరుకోవడమే నియమం. వాటి నడుమ ఏ మార్గాన వెళ్ళాలో క్రీడాకారులే నిర్ణయించుకుంటారు. అందువలన ఇతర పరుగు పందేలలో నియమోల్లంఘనగా భావించబడే అడ్డదారి, ఈ క్రీడలో ఒక అంతర్భాగం. బాటను విడిచి వెళ్ళేవారు దారి తప్పకుండా గమ్యం చేరడానికి అనుసరించే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

చరిత్ర

1932 జూన్ నెలలో బాబ్ గ్రాహం అనే వ్యక్తి లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలోని కెస్విక్ పట్టణం నుండి బయలుదేరి, 42 శిఖరాలను ఎక్కి దిగి, 24 గంటలలోపు తిరిగి అక్కడికే చేరుకున్నాడు. ఈ మార్గాన్ని నేడు బాబ్ గ్రాహం రౌండ్ అని వ్యవహరిస్తారు. దీని పొడవు సుమారు 106 కి.మీ. మొత్తం ఎక్కవలసిన ఎత్తు సుమారు 8,200 మీటర్లు. దీనిని పూర్తి చేయదలచినవారు సాధారణంగా మార్గంలోని ఒక్కొక్క భాగాన్ని ముందుగానే పరిశీలించి, ఎక్కడ బాట విడవవచ్చునో, ఎక్కడ విడవరాదో తెలుసుకుంటారు. ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ 1970లో ఏర్పడింది.

దారి తప్పడానికి కారణాలు

ఈ కొండలపై పొగమంచు తరచుగా కమ్ముకుంటుంది. దూరాన ఉన్న గుర్తులు కనబడనపుడు మనిషి తిన్నగా నడవలేడు. 2009లో యాన్ సౌమన్, ఆయన సహచరులు జర్మనీలోని ఒక అడవిలోను, ట్యునీషియాలోని సహారా ఎడారిలోను జరిపిన ప్రయోగాలు ప్రచురితమయ్యాయి. సూర్యుడు కనబడినంతసేపు వాటిలో పాల్గొన్నవారు ఇంచుమించు తిన్నగా నడిచారు. మబ్బు పట్టినపుడు తమకు తెలియకుండానే చుట్టు తిరిగి, తాము నడిచిన చోటికే మళ్ళీ వచ్చారు. తిన్నగా వెళ్తున్నామనే నమ్మకం దిక్సూచికి ప్రత్యామ్నాయం కాదని దీనివలన స్పష్టమవుతున్నది.

రెండవ కారణం కొండల అమరిక. ఎస్క్ హాస్ అనే కనుమ పరిసరాల నుండి వేరువేరు లోయలకు బాటలు చీలుతాయి. మంచులో ఒక బాటకు బదులు మరొక బాట పట్టినవారు కొండకు అవతలివైపు దిగిపోతారు. అక్కడి నుండి బయలుదేరిన చోటికి రోడ్డు మీద రావాలంటే పదుల కిలోమీటర్లు ప్రయాణించవలసి ఉంటుంది.

మూడవది, పైనుండి చూచినపుడు సులభంగా కనబడే వాలు. ఇంగ్లాండులో అత్యున్నత శిఖరమైన స్కాఫెల్ పైక్ (978 మీ.) పక్కన పియర్స్ గిల్ అనే లోతైన ఇరుకు లోయ ఉన్నది. త్వరగా దిగవచ్చునని సరైన బాట విడిచి అందులో దిగినవారు, ముందుకు పోలేక, ఎక్కి వెనుకకు రాలేక చిక్కుకున్న సంఘటనలు అనేకం. వారిని రక్షించేది స్వచ్ఛంద సేవకులతో కూడిన పర్వత రక్షణ దళం.

అడ్డదారి లాభనష్టాలు

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. దాని ప్రకారం ప్రతి 3 మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు అదనంగా మరొక గంట పడుతుంది. అనగా 100 మీటర్ల ఎత్తు ఎక్కడం సుమారు 800 మీటర్ల చదును నేలతో సమానం. ఈ లెక్కన, ఒక కిలోమీటరు ఆదా చేసే అడ్డదారి అదనంగా 150 మీటర్లు ఎక్కిస్తే లాభం లేకపోగా నష్టమే మిగులుతుంది. కాబట్టి పటంలోని సమోన్నత రేఖలను చూడకుండా దూరాన్ని మాత్రమే లెక్కించరాదు.

బ్రిటనులో ఇందుకు 1:25,000 స్కేలు పటాలను విరివిగా వాడతారు. వీటిలో 4 సెం.మీ. ఒక కిలోమీటరుకు సమానం. భారత సర్వే సంస్థ వారి 1:50,000 స్కేలు పటాలలో 2 సెం.మీ. ఒక కిలోమీటరుకు సమానం.

దారి తప్పకుండా పాటించే పద్ధతులు

బాట విడిచేముందే మూడు విషయాలు నిర్ణయించుకోవాలి: దేనిని అనుసరించి వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి, గమ్యాన్ని దాటిపోతే ఆ సంగతి ఎలా తెలుస్తుంది. వీటిలో ఏ ఒక్కదానికి సమాధానం లేకున్నా బాటను విడవకపోవడమే క్షేమం. ఓరియంటీరింగ్ క్రీడ నుండి వచ్చిన ఈ క్రింది పద్ధతులు ఇందుకు తోడ్పడతాయి.

* ఊతరేఖ: వాగు, రాతిగోడ, కంచె, కొండ శిఖర రేఖ వంటి పొడవైన గుర్తు వెంబడి సాగడం.
* ఆపుగుర్తు: గమ్యానికి ఆవల అడ్డంగా ఉండే వాగును గాని బాటను గాని ముందే గుర్తుంచుకోవడం. అది ఎదురైతే గమ్యం దాటిపోయినట్లు లెక్క.
* పక్కకు గురిపెట్టడం: వాగు మీది వంతెనను చేరవలసినపుడు కావాలనే దానికి ఒక పక్కగా దిశ పెట్టుకోవడం. దిక్సూచిలో 5 డిగ్రీల పొరపాటు ఒక కిలోమీటరు దూరంలో సుమారు 87 మీటర్ల తేడా తెస్తుంది. నేరుగా గురిపెట్టినవారికి వంతెన కుడివైపున ఉన్నదో ఎడమవైపున ఉన్నదో తెలియదు. తగినంత ఎడమకు గురిపెట్టినవారు వాగు చేరగానే కుడివైపుకు తిరిగితే చాలు.
* బొటనవేలి గుర్తు: పటాన్ని ఉత్తరదిశకు సరిపెట్టి పట్టుకొని, తాము ఉన్న చోటున బొటనవేలు ఉంచి, ముందుకు సాగేకొద్దీ దానిని జరుపుతూ ఉండటం.
* కాలగణన: తదుపరి గుర్తు ఎన్ని నిమిషాలలో రావాలో అంచనా వేసి, ఆ సమయం దాటగానే ఆగి సరిచూసుకోవడం.

దారి తప్పినపుడు

మొదటి కర్తవ్యం ఆగడం. పరుగు వేగంలో కొద్ది నిమిషాలలోనే చిన్న పొరపాటు పెద్దదవుతుంది. చివరిసారి కచ్చితంగా గుర్తించిన చోటికి, వచ్చిన దారినే తిరిగి వెళ్ళడం ఉత్తమం. వాగు వెంబడి దిగితే ఊరు వస్తుందనే నమ్మకం ఈ కొండలలో ప్రమాదకరం. వాగులు జలపాతాలలోకి, పియర్స్ గిల్ వంటి ఇరుకు లోయలలోకి తీసుకుపోవచ్చు. సహాయం కోరడానికి నిమిషంలో 6 సార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ అదే విధంగా వేయాలి. దానికి జవాబు 3 ఈలలు. బ్రిటనులో 999 లేదా 112 నంబరుకు ఫోను చేసి, మొదట పోలీసులను, వారి ద్వారా పర్వత రక్షణ దళాన్ని కోరాలి.

పరికరాలు, నియమాలు

కొండలపై జరిగే దీర్ఘమైన పోటీలలో పటము, దిక్సూచి, ఈల, వానకోటు, అత్యవసర ఆహారం వెంట ఉంచుకోవలసి ఉంటుంది. జి.పి.ఎస్. సాధనాలు ఉపయోగకరమైనవే. అయితే చలికి బ్యాటరీ త్వరగా తగ్గిపోవడం, తడిచేతులకు ఫోను తెర స్పందించకపోవడం వంటి ఇబ్బందుల వలన వాటిపై మాత్రమే ఆధారపడరాదు. పోటీ మధ్యలో విరమించుకున్నవారు ఆ సంగతిని నిర్వాహకులకు తప్పక తెలియజేయాలి. లేనిచో క్షేమంగా ఇల్లు చేరిన వ్యక్తి కోసం రక్షణ దళం రాత్రంతా కొండలలో వెదకవలసి వస్తుంది.

2008 అక్టోబరులో బారోడేల్ లోయలో జరిగిన ఒరిజినల్ మౌంటెన్ మారథాన్ తీవ్రమైన తుఫాను వలన మొదటిరోజే నిలిపివేయబడింది. వందలాది మంది జాడ తెలియలేదని వార్తలు వచ్చాయి. జంటలుగా పాల్గొనే ఆ పోటీలో గుడారము, ఆహారము వెంట ఉండటం నియమం. అనేకులు గుడారాలలోను, సమీపంలోని పొలాల వద్ద కట్టడాలలోను రాత్రి గడిపారు. మరునాటికి అందరి ఆచూకీ తెలిసింది. ఎవరూ మరణించలేదు.

ఇవి కూడా చూడండి

* ఓరియంటీరింగ్
* దిక్సూచి
* సమోన్నత రేఖలు
* లేక్ డిస్ట్రిక్ట్