ఒక్క మిల్లీమీటరు

మా అమ్మాయి గిటారు మానేస్తానంది. వేళ్ళ చివర్లు కందిపోయాయి. సాధన చాలక అని తేల్చేశాను. తప్పు నాది. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి చూద్దును కదా, ఫ్రెట్టుకీ లావు తీగకీ మధ్య మూడున్నర మిల్లీమీటర్లు! రెండున్నర చాలు.

సింగపూరు గాలిలో తేమ సగటున 80 శాతం పైమాటే. అది పీల్చి గిటారు పైపలక ఉబ్బుతుంది, దాంతో బ్రిడ్జి, తీగలూ లేస్తాయి.

పేగు తీగల రోజుల్లో మెడ మీద లాగుడు తక్కువ. ఉక్కు తీగలు ఆరూ కలిసి 70 కిలోల దాకా లాగుతాయి, మెడ వంగుతుంది. గిబ్సన్‌లో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ మెడ లోపల బిగించే ఇనుప కడ్డీకి 1923లో పేటెంటు పొందాడు. మార్టిన్ వాళ్ళు మాత్రం తిప్పి సర్దుకునే కడ్డీ పెట్టడానికి 1985 దాకా ఆగారు. (ఎంత పట్టుదలో!) అయితే కడ్డీ సరిచేసేది మెడ వంపునే, ఉబ్బిన పొట్టని కాదు.

మన బొబ్బిలి వీణది వేరే దారి. 24 మెట్లూ మైనంలో కూర్చుంటాయి. ఎత్తు తేడా వస్తే మైనం మెత్తజేసి మెట్టునే సర్దుతారు.

ఇక్కడి పెనిన్సులా షాపింగ్ సెంటర్లో ఒక పెద్దాయన శాడిల్ అడుగున రెండు మిల్లీమీటర్లు అరగదీశాడు. పన్నెండో ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ దిగేది ఒకటే. అమ్మాయి ఆ స్టూలు మీదే కూర్చుని ఎఫ్ కార్డు పట్టింది.

నాతో మాత్రం ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు లెండి.