వర్ణనాత్మక రచనల మూల్యాంకనం

ఒక ప్రదేశాన్ని, వ్యక్తిని, వస్తువును లేదా సంఘటనను చదువరి కళ్ళకు కట్టేటట్లు మాటలలో చూపే రచనను వర్ణనాత్మక రచన అంటారు. ప్రాథమికోన్నత స్థాయిలో, అనగా 6, 7, 8 తరగతులలో, విద్యార్థులు వ్రాసిన ఇటువంటి రచనలను పరిశీలించి వాటి గుణదోషాలను నిర్ణయించడమే వర్ణనాత్మక రచనల మూల్యాంకనం. లెక్కకు సాధారణంగా ఒకే జవాబు ఉంటుంది. వర్ణనకు అలా ఉండదు. కనుక దేనికి మార్కులు వేయాలి, దేనికి తగ్గించాలి అన్నది ఇందులో ప్రధానమైన ప్రశ్న. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ఈ ప్రశ్న మాండలికంతో ముడిపడి ఉన్నది.

చారిత్రక నేపథ్యం

విద్యార్థి రచనను ఏ భాషా ప్రమాణంతో కొలవాలి అన్న చర్చలో ఈ ప్రాంతానికి ప్రత్యేక స్థానం ఉన్నది. శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. విజయనగరంలో గురజాడ అప్పారావు, ఉత్తర జిల్లాల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ.యేట్స్, విశాఖపట్నం కళాశాల అధ్యక్షుడు పి.టి.శ్రీనివాస అయ్యంగారు ఆయనతో ఏకీభవించారు. విద్యార్థులు వ్యాసాన్ని గ్రాంథికంలోనే వ్రాయవలెనా, వ్యావహారికంలోనూ వ్రాయవచ్చునా అన్నది 1910 దశకంలో పెద్ద వివాదమైనది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథిక పక్షాన నిలిచింది. జయంతి రామయ్య పంతులు ఆ పక్షానికి నాయకులలో ఒకడు. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచనపై నియమించిన ఉపసంఘంలో సభ్యుడైన గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. ఆనాడు వ్యావహారిక వాదులకు విజయం దక్కలేదు. తరువాతి దశాబ్దాలలో శిష్ట వ్యావహారికం పాఠ్యపుస్తకాలలోను, పరీక్షలలోను స్థిరపడినది. గిడుగు జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

చట్టం, పాఠ్యప్రణాళిక

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం (2009) 29వ సెక్షను, పిల్లల అవగాహనను, దానిని వినియోగించే శక్తిని నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని చెబుతున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో రాష్ట్ర పాఠ్యప్రణాళికా చట్రాన్ని రూపొందించింది. దానిని అనుసరించి వచ్చిన తెలుగు పాఠ్యపుస్తకాలలో సామర్థ్యాలను "విద్యా ప్రమాణాలు"గా విభజించారు. అవగాహన-ప్రతిస్పందన, వ్యక్తీకరణ-సృజనాత్మకత, భాషాంశాలు అనేవి వీటిలో ముఖ్య విభాగాలు. స్వీయరచన రెండవ విభాగంలోను, పదజాలం, వ్యాకరణం మూడవ విభాగంలోను చేరినవి. అనగా చెప్పే శక్తిని, భాషా నియమాల జ్ఞానాన్ని వేరువేరుగా చూడాలన్నది ఈ విభజనలోనే ఉన్నది.

మూల్యాంకన పద్ధతులు

* సమగ్ర పద్ధతి: రచనను మొత్తంగా చదివి, కలిగిన అభిప్రాయాన్ని బట్టి ఒకే మార్కు లేదా గ్రేడు ఇవ్వడం. ఇది త్వరగా పూర్తవుతుంది. కాని మార్కు ఎందుకు తగ్గిందో విద్యార్థికి తెలియదు.
* విశ్లేషణ పద్ధతి: విషయం, క్రమం, పదజాలం, భాషా స్వరూపం వంటి అంశాలకు విడివిడిగా మార్కులు వేయడం. సమయం ఎక్కువ పడుతుంది. లోపం ఎక్కడ ఉన్నదో స్పష్టంగా తెలుస్తుంది.
* తప్పుల లెక్క: అక్షరదోషాలను లెక్కించి మార్కులు తగ్గించడం. దిద్దడానికి సులభమైనప్పటికీ ఇది వర్ణనను కొలవదు.

ఒకే రచనకు వేర్వేరు ఉపాధ్యాయులు వేర్వేరు మార్కులు వేయడం పాత సమస్య. అమెరికాలో 1912లో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ ఒకే ఆంగ్ల జవాబు పత్రాన్ని అనేక పాఠశాలల ఉపాధ్యాయుల చేత దిద్దించగా మార్కులలో ఎంతో తేడా కనిపించింది. 1961లో పాల్ డీడరిక్ బృందం 300 వ్యాసాలను 53 మంది చేత 9 శ్రేణులుగా విభజింపజేసింది. దిద్దేవారిలో కొందరు భావాలకు, కొందరు అక్షరదోషాలకు, మరికొందరు నిర్మాణానికి, పదాల ఎంపికకు లేదా శైలికి ప్రాధాన్యమిస్తున్నట్లు తేలింది. దిద్దడానికి ముందే సూచికలను నిర్ణయించుకొని, కొన్ని రచనలను ఉపాధ్యాయులు కలిసి దిద్ది చూసుకుంటే ఈ తేడా తగ్గుతుంది.

ఉదాహరణ

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను ధ్వంసం చేసింది. "తుఫాను తరువాత మా ఊరు" అన్న అంశంపై రెండు ఊహాత్మక రచనలను గమనించవచ్చు.

మొదటిది: "తుఫాను చాలా భయంకరమైనది. ప్రజలు అనేక కష్టాలు పడ్డారు. చెట్లు కూలిపోయాయి. ప్రకృతి ముందు మానవుడు నిలువలేడు."

రెండవది: "మర్నాడు జీడితోటకి ఎల్లినాం. సెట్లన్నీ ఒకేపక్కకి పడిపోనాయి. మా తాత ఒక్కో సెట్టు మీదా సెయ్యేసి సూసినాడు. ఏటీ మాటాడలేదు."

తప్పుల లెక్కలో మొదటి రచనకు పూర్తి మార్కులు రావచ్చు, రెండవది అట్టడుగున నిలుస్తుంది. కాని మొదటి రచన ఏ ఊరికైనా సరిపోతుంది. అందులో చూసినది ఏదీ లేదు. రెండవ దానిలో చెట్లు పడిన తీరు, తాత చేయి, ఆయన మౌనం చదువరికి కనిపిస్తాయి. తోట మొత్తం నుండి ఒక్కొక్క చెట్టుకు, అక్కడి నుండి మనిషికి వచ్చే క్రమం కూడా ఉన్నది. విషయానికి 4, క్రమానికి 2, పదజాలానికి 2, భాషా స్వరూపానికి 2 చొప్పున 10 మార్కులు కేటాయిస్తే మొదటి దానికి 5, రెండవ దానికి 8 వరకు రావచ్చు.

మాండలికం - ప్రామాణిక భాష

"సెట్టు", "సూసినాడు", "ఎల్లినాం" అన్నవి అజాగ్రత్త వలన వచ్చిన తప్పులు కావు. ఇంటి ఉచ్చారణను విద్యార్థి విన్నట్లే వ్రాసిన రూపాలు. గెడ్డ (వాగు), బేగి (త్వరగా), ఏటి (ఏమిటి) వంటివి ఈ ప్రాంతపు పదాలు. కాళీపట్నం రామారావు, రావిశాస్త్రి, చాసో వంటి రచయితలు ఉత్తరాంధ్ర పలుకుబడిని కథలలోకి తెచ్చారు. కనుక ప్రాంతీయ పదాన్ని దోషంగా లెక్కించనవసరం లేదు. అయితే ప్రామాణిక రూపం తెలియని విద్యార్థి పై తరగతుల పరీక్షలలో నష్టపోతాడు. రచనకు మార్కు తగ్గించకుండా, ప్రక్కన "చెట్టు", "చూశాడు", "వెళ్ళాం" అని వ్రాసి చూపడం, ఆ రూపాలను భాషాంశాల పాఠంలో నేర్పడం ఈ రెండు అవసరాలనూ తీరుస్తాయి.

తెలుగు ఇంటి భాష కాని విద్యార్థులు

సీతంపేట ప్రాంతంలో (2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లా) సవర, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. ఈ పిల్లలకు తెలుగు రెండవ భాష. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని కృషి చేసినవారిలో గిడుగు ప్రథముడు. ఇటువంటి విద్యార్థి ముందుగా నోటితో వర్ణించి, తరువాత వ్రాసే అవకాశం ఉంటే, లోపం పరిశీలనలో ఉన్నదా, తెలుగులోనే ఉన్నదా అన్నది ఉపాధ్యాయునికి తెలుస్తుంది.

అంశం ఎంపిక

విద్యార్థి కళ్ళారా చూసిన అంశమే మూల్యాంకనకు అనువైనది. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం, వంశధార లేదా నాగావళి ఒడ్డు, వారపు సంత, కల్లంలో నూర్పిడి ఇందుకు ఉదాహరణలు. చూడని అంశం ఇచ్చినప్పుడు విద్యార్థి గైడులోని వాక్యాలను అప్పజెబుతాడు. అప్పుడు దిద్దేది జ్ఞాపకశక్తిని మాత్రమే అవుతుంది.