సీమచింత: పేరులో నిలిచిన వలసచరిత్ర

గోదావరి మండలాల్లో పొలాల కంచెల వెంట, మెట్టదారుల పక్కన పెరిగే సీమచింతను స్థానిక వృక్షంగానే భావించడం పరిపాటి. ముళ్ల కొమ్మలు, తెల్లని చిన్న పూగుత్తులు, చుట్టలు తిరిగిన కాయలు, నల్లని గింజలను అంటి ఉండే తీపి వగరు గుజ్జు దీని గుర్తులు. దీని జన్మస్థానం మాత్రం మెక్సికో నుండి దక్షిణ అమెరికా ఉత్తరభాగం వరకు ఉన్న ఉష్ణమండలపు పొడినేలలు. ఈ వృక్షచరిత్రకు దాని తెలుగు పేరు ఎంతవరకు ఆధారమో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశ్యం.

1565 నుండి 1815 వరకు స్పెయిన్ నౌకలు మెక్సికోలోని అకపుల్కోకు, ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు మధ్య వర్తకం నడిపాయి. ఆసియాలో ఈ చెట్టుకు తొలి మజిలీ ఫిలిప్పీన్స్. అక్కడి ‘కమచిలే’ అనే పేరు మెక్సికో దేశభాష అయిన నహువాత్ల్ నుండి వచ్చినదే. ఇంగ్లీషువారి ‘మనీలా చింత’ అనే వ్యవహారం మజిలీని జన్మస్థానంగా భ్రమింపజేస్తుంది.

1781–1793 మధ్య సామర్లకోటలో ఉండి వృక్షపరిశోధన సాగించిన కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీర వృక్షాలపై వెలువరించిన గ్రంథంలో 1798లో దీనిని ‘మిమోసా డల్సిస్’గా వర్ణించాడు. 1844లో బెంథామ్ దీనిని ‘పిథెసెల్లోబియం’ ప్రజాతిలో చేర్చాడు. అమెరికా వృక్షానికి శాస్త్రీయనామం మన తీరపు చెట్టును బట్టి ఏర్పడటం గమనార్హం. 18వ శతాబ్ది ముగిసేలోపే ఇది ఇక్కడ ఉన్నదనడానికి ఇదే ప్రమాణం.

ఇక పేరు. ‘కోనసీమ’లో ఉత్తరపదమైన ‘సీమ’కు ప్రాంతమని అర్థం. ‘సీమదొర’, ‘సీమసరుకు’ వంటి సమాసాల్లో పూర్వపదమైన ‘సీమ’ సముద్రాంతర దేశాన్ని తెలుపుతుంది. సీమచింత ఈ రెండవ కోవకు చెందినది. కాయ పోలికకు చింత, రాకకు సీమ. అయితే ఆఫ్రికా నుండి వచ్చినదిగా భావించే చింతకు తెలుగులో పరాయి గుర్తేదీ లేదు. కనుక పేరులో విశేషణం లేనంత మాత్రాన ఏ చెట్టునూ దేశీయమని నిర్ణయించరాదు.

కాలపు హద్దులను నౌకాచరిత్ర, రాక్స్‌బర్గ్ వర్ణన ఇస్తాయి. తెలుగు పేరు చెప్పేది క్రమాన్ని: చింత ఇంటిచెట్టైన తరువాత, ‘సీమ’కు పరదేశార్థం స్థిరపడిన తరువాత ఈ పేరు పుట్టింది. ఇటువంటి పదాలకు ‘వృక్షవిశేషము’ అని మాత్రమే అర్థం రాసే నిఘంటుసంప్రదాయం ఈ చారిత్రకసాక్ష్యాన్ని వదులుకుంటున్నది. వృక్షనామాల ఆరోపాలలో వ్యుత్పత్తితోపాటు వలసమార్గాన్ని కూడా చేర్చడం అవసరం.