చంపనన్న నియమం, తలకు తగిలిన దెబ్బ: బ్యాట్‌మ్యాన్ కథల్లో క్షతగాత్రుల జాడ

సూపర్‌హీరోల హింసను ప్రశ్నించడం కొత్తేమీ కాదు. 2013లో ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ పతాక సన్నివేశంలో మెట్రోపోలిస్ నగరం నేలమట్టమైనప్పుడు, ఆ శిథిలాల కింద ఎంతమంది పోయి ఉంటారన్న ప్రశ్న గట్టిగానే వినిపించింది. 2016లో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’, ‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’ ఆ ప్రశ్ననే కథావస్తువు చేసుకున్నాయి. అంతకు చాలా ముందే, 1980ల చివర్లో, డ్వేన్ మెక్‌డఫీ, ఎర్నీ కొలోన్ ‘డ్యామేజ్ కంట్రోల్’ను సృష్టించారు. హీరోల పోరాటాల్లో కూలిన కట్టడాలను బాగుచేసే కంపెనీ కథ అది. ఇలా భవనాలు లెక్కలోకి వచ్చాయి, దారినపోయే అమాయకులూ వచ్చారు. హీరో చేతిలో దెబ్బ తిన్న పేరులేని రౌడీ మాత్రం రాలేదు. అతడు ఎలా లెక్క తప్పాడో బ్యాట్‌మ్యాన్ కథల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బ్యాట్‌మ్యాన్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ప్రాణం తీయనన్న నియమమే అతని వ్యక్తిత్వానికి పునాది. వైద్యం కళ్లతో చూస్తే ఆ నియమం నిలవదని నా వాదన.

నియమం మొదటినుంచీ ఉన్నదేమీ కాదు. 1939 మే నెల ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో, బాబ్ కేన్, బిల్ ఫింగర్ల తొలి కథలోనే, బ్యాట్‌మ్యాన్ గుద్దుకు ప్రతినాయకుడు ఆమ్లం తొట్టిలో పడి చనిపోతాడు. హీరోకు విచారమేమీ ఉండదు. 1940లో అతడు విమానంలోంచి మెషిన్ గన్ కూడా పేల్చాడు. ఆ తర్వాతే సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ చంపడం, తుపాకీ పట్టడం కూడదన్నాడు. ఇక పిడికిలే ఆయుధమైంది. 1954లో, కామిక్స్ పిల్లల్ని చెడగొడతాయన్న ఫ్రెడ్రిక్ వర్థమ్ పుస్తకం, సెనేట్ ఉపసంఘం విచారణ రేపిన దుమారంలోంచి కామిక్స్ కోడ్ పుట్టింది. మితిమీరిన హింసతోపాటు శారీరక యాతనను చూపడాన్నీ అది నిషేధించింది. దాంతో గుద్దు బొమ్మ వేయవచ్చు గానీ, గుద్దు తిన్నవాడి బాధ వేయకూడదన్న పరిస్థితి వచ్చింది. పిల్లల మేలు కోరి పెట్టిన ఈ కట్టుబాటే దెబ్బకూ గాయానికీ మధ్య ఉన్న లంకెను తెంపిందని నేను భావిస్తున్నాను. 1966 టీవీ ధారావాహికలో గుద్దు పడిన క్షణాన తెర మీద రంగురంగుల అక్షరాలు ప్రత్యక్షమయ్యేవి. దెబ్బ తిన్న ముఖం కనిపించేదే కాదు.

గాయం తప్పుకున్న చోటికి స్పృహ తప్పడం వచ్చింది. ఈ కథల్లో అది నిద్రలాంటిది. రౌడీ పడిపోతాడు, పోలీసులు వచ్చేదాకా కదలడు, తర్వాత తల రుద్దుకుంటూ వ్యాను ఎక్కుతాడు. ఆసుపత్రి క్యాజువాలిటీలో కనిపించే తలదెబ్బ వేరు. దవడ మీద గట్టిగా గుద్దితే తల ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. పుర్రె లోపల ద్రవంలో తేలే మెదడు ఆ విసురుకు మెలిపడుతుంది. నరాల తంతువులు సాగుతాయి, కొన్ని తెగుతాయి. తేలికపాటి దెబ్బకు స్పృహ తప్పినా మామూలుగా కొన్ని సెకన్లలోనో నిమిషాల్లోనో తిరిగి వస్తుంది. అరగంట దాటితే అది తేలికపాటి దెబ్బ కానే కాదు. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ రూపొందించిన కొలమానం ప్రకారం కళ్లు తెరవడం, మాట, కదలిక చూసి 3 నుంచి 15 వరకు అంకె వేస్తారు. 8 గానీ అంతకు తక్కువ గానీ వస్తే శ్వాసనాళంలో గొట్టం వేయాల్సి రావచ్చు. ఎందుకంటే నాలుక వెనక్కి జారినా, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణానికే ముప్పు. కణత దగ్గర ఎముక పలచన. అది చిట్లి లోపలి ధమని తెగితే, మనిషి లేచి కాసేపు మామూలుగా మాట్లాడి, కొన్ని గంటల్లో కుప్పకూలవచ్చు. వ్యాను ఎక్కిన రౌడీ రాత్రికి లాకప్‌లో ఎలా ఉన్నాడో కథ మనకు సాధారణంగా చెప్పదు.

ఇంకొక దృశ్యం చూడాలి. పుర్రెలో ఒత్తిడి పెరిగిన రోగిని తల వైపు సుమారు 30 డిగ్రీలు ఎత్తి పడుకోబెడతారు. 2009 నాటి వీడియో గేమ్ ‘బ్యాట్‌మ్యాన్: అర్ఖమ్ అసైలమ్’లో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. హీరో ఎత్తైన రాతిబొమ్మ మీద మాటువేసి, కింద నడిచే సాయుధుణ్ణి పైకి లాగి, తలకిందులుగా వేలాడదీసి వెళ్లిపోతాడు. ‘డిటెక్టివ్ మోడ్’లో చూస్తే అతడు స్పృహలో లేడని తెర మీద రాసి ఉంటుంది. చావలేదన్న ఆ ఒక్క హామీతో ఆటగాడు ముందుకు సాగుతాడు.

బరిలో ఇలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు. 1982 నవంబరు 13న లాస్ వేగాస్‌లో రే మాన్సినీతో పోటీపడిన కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ 14వ రౌండ్‌లో పడిపోయాడు. చేతులకు గ్లవ్స్, పక్కన రెఫరీ, అందుబాటులో వైద్యులు. అయినా మెదడులో రక్తం గడ్డకట్టి, శస్త్రచికిత్స చేసినా నాలుగు రోజులకు చనిపోయాడు. ఆ తర్వాత వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ 15 రౌండ్లను 12కు తగ్గించింది. బ్యాట్‌మ్యాన్ నగరమైన గోథమ్ సందుల్లోనైతే సిమెంటు నేల, ఉక్కు కవచం, ఒకడి మీద పది గుద్దులు. మన తెలుగు సినిమా ఫైట్లలో గాల్లోకి లేచి సుమో మీద పడే రౌడీదీ ఇదే స్థితి. దాని మీద విడిగా పని జరగాలి.

ఇదంతా కల్పన, కల్పనలో శరీరధర్మం వెతకడమేమిటని అడగవచ్చు. ఈ కథలకు శరీరధర్మం బాగానే తెలుసు. 1988లో ‘ది కిల్లింగ్ జోక్’లో ప్రతినాయకుడు జోకర్ తూటాకు బ్యాట్‌మ్యాన్ సహచరి బార్బరా గోర్డన్ నడుము కింది భాగం చచ్చుబడింది, 2011 దాకా ఆమె చక్రాల కుర్చీలోనే ఉంది. 1993లో మరో ప్రతినాయకుడు బేన్ బ్యాట్‌మ్యాన్ వెన్ను విరిస్తే, కోలుకోవడమే నెలల తరబడి కథ అయింది. మనవాళ్ల ఎముకలకు చరిత్ర ఉంది. ఎదుటివాడి ఎముకలకు లేదు. ఇది కల్పనకున్న పరిమితి కాదు, రచయితలు చేసుకున్న ఎంపిక.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. అక్రమంగా సేకరించిన సాక్ష్యం రాష్ట్ర కోర్టుల్లోనూ చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1961లో మ్యాప్ కేసులో తేల్చింది. ప్రైవేటు వ్యక్తి తనంతట తాను తెచ్చిన సాక్ష్యానికి ఈ అడ్డు లేదు. కానీ పోలీసు కమిషనరే మేడ మీద దీపం వెలిగించి పిలిచే మనిషిని ప్రైవేటు వ్యక్తి అనడం కష్టం. అతడు తెచ్చిన సాక్ష్యం చెల్లకపోతే, గాయపడ్డ రౌడీతోపాటు ఆ రౌడీ బాధితులకూ న్యాయం దక్కకపోవచ్చు.

మ్యాట్ రీవ్స్ 2022 చిత్రం ‘ది బ్యాట్‌మ్యాన్’ హీరో హింస విషయంలో నిజాయితీ చూపింది. రైల్వే ప్లాట్‌ఫారం మీద బ్యాట్‌మ్యాన్ రౌడీ మూకను చితకబాదాక, అతడు కాపాడిన ప్రయాణికుడే తననేమీ చేయవద్దని వేడుకుంటాడు. చివర్లో పట్టుబడ్డ హంతకుడొకడు తనను తాను ప్రతీకారంగా చెప్పుకుంటాడు. మొదట్లో బ్యాట్‌మ్యాన్ చెప్పుకున్నదీ అదే. అయినా ఆ ప్లాట్‌ఫారం మీద పడినవాళ్లలో ఎవరు లేచారో సినిమా చెప్పదు.

చెప్పగల పాత్ర ఒకటి ఈ కథల్లోనే ఉంది. 1976లో డెనీ ఓనీల్, డిక్ జోర్డానో సృష్టించిన లెస్లీ టాంప్‌కిన్స్ తర్వాతి కథల్లో పేదల క్లినిక్ నడిపే డాక్టరు. బ్యాట్‌మ్యాన్‌ను కన్నబిడ్డలా చూసుకుంటుంది, అతని హింసను మాత్రం ఒప్పుకోదు. అతడు కొట్టినవాళ్లు వచ్చేది ఆమె దగ్గరికే. రచయితలు మాత్రం ఆమెను ఎక్కువగా బ్యాట్‌మ్యాన్ గాయాలకు కుట్లు వేయడానికే పిలిచారు.